పుత్తూరు కట్టు కట్టించుకున్న కప్ప పాట

చెయ్యి విరిగినవాళ్ళు పుత్తూరు వెళతారు. కాలు విరిగినవాళ్ళు వెళతారు. మామిడిచెట్టు మీంచి పడ్డవాళ్ళు, మోటారు సైకిలు మీంచి పడ్డవాళ్ళు, పెళ్ళాం తోస్తే పడి మెట్లు జారానని చెప్పుకునేవాళ్ళు, అందరూ వెళతారు. ఒక పాటను పొత్తిళ్ళలో పెట్టుకుని, దానికి కట్టు కట్టించడానికి వెళ్ళినవాడు మాత్రం నాకు తెలిసి ఒక్కడే. ఆ మహానుభావుడు చేసిన ఘోరం ఇప్పుడు మీకు వినిపించబోతున్నాను. మధ్యమధ్య కోతలు కోస్తున్నానని మీకు అనుమానం రావచ్చు. కోస్తాను కూడా. అయితే ఏ ముక్క దగ్గర మీరు "ఛీ, అబద్ధం" అనుకుంటారో, సరిగ్గా ఆ ముక్కే నిజమని గుర్తుపెట్టుకోండి.

మా వసంతక్క భర్త పేరు దామోదరం. నగరిలో మరమగ్గాలు నడుపుతాడు. మరమగ్గం చప్పుడు మీరెప్పుడైనా విన్నారా? ఒక్క మగ్గం నడిస్తే రేకుల కప్పు మీద కొబ్బరికాయలు రాలుతున్నట్టు ఉంటుంది. ఒక షెడ్డు నడిస్తే ఆ కొబ్బరితోట యజమాని కూడా వచ్చి పడుతున్నట్టు ఉంటుంది. ఆ వీధిలో మొగుడూ పెళ్ళాలు సైగలతోనే పోట్లాడుకుంటారు, సైగలతోనే రాజీపడతారు. ఆ చప్పుడులో సగం జీవితం గడిపిన మా బావకు ఎడమ చెవి ఎప్పుడో సెలవు పుచ్చుకుంది. కుడిచెవి కూడా మెల్లగా మూతపడుతోందని కొన్నేళ్ళ కింద డాక్టరు తేల్చేశాడు.

ఆ కబురు చెప్పేటప్పుడు బావ ముఖంలో దిగులేమీ లేదు.

"పోనీలే గిరీ. మీ అక్క తిట్లు ఇప్పటికే సగం వినపడేది లేదు. ఆ సగం కూడా పోతే ఇంక హాయే" అన్నాడు.

"నేను సైగల్తో తిడతా, సూస్తా ఉండు" అంది అక్క.

బావ నవ్వాడు. మగ్గాలవైపు తిరిగాడు. తర్వాత, "ఒక్క ఆశ మాత్రం మిగిలిపోయిందబ్బా. చెవి మూసుకునే లోపల మన కప్ప పాట ఇంకొక్కతూరి వినాల" అన్నాడు.

ఆ కప్ప పాట సంగతి మీకు చెప్పాలి. మగ్గాల్లోకి దిగక ముందు, మీసాలు కొత్తగా వచ్చిన రోజుల్లో, బావకు సొంత మైక్ సెట్టు ఉండేది. పెళ్ళిళ్ళకూ జాతరలకూ రికార్డులు వేసేవాడు. ఒకసారి మద్రాసులో పాత సామాన్ల అంగట్లో ఆయనకొక విదేశీ రికార్డు దొరికింది. ఊదారంగు కవరు, దాని మీద కళ్ళజోడు పెట్టుకున్న చంద్రుడు. ఆ చంద్రుడి దర్జా చూసి కొన్నాడట, లోపల ఏ పాట ఉందో కూడా తెలియకుండా.

లోపల ఉన్నది కరెంటు వాయిద్యాల మీద చేసిన జాజ్-ఫంక్ డాన్సు పాట. జాజ్ అంటే వాయించేవాళ్ళు తమకు తోచింది వాయించడం. ఫంక్ అంటే వినేవాళ్ళు దాన్ని నడుముతో వినడం. ఇంతకన్నా బాగా చెప్పగలిగినవాళ్ళు ఉంటే చెప్పమనండి. ఆ పాటలో మాటలు లేవు. ఒక యంత్రం అలుపు లేకుండా చప్పట్లు కొడుతూ ఉంటుంది. దూరంగా ఒక బాకా ఎవరినో పిలుస్తూ ఉంటుంది. అన్నిటికీ అడుగున ఒక లావుపాటి గొంతు "బెక్... బెబ్బెక్... బెక్" అంటూ ఉంటుంది, వానకు నిండిన గుంటలో కప్ప కూర్చున్నట్టు. అందుకే కప్ప పాట.

"ఆ పాట ఏస్తే పెండ్లికొడుకులు కారు దిగి ఎగిరేవాళ్ళబ్బా. పురోహితులు తొడ మీద తాళం ఏసేవాళ్ళు. నేను సెయ్యి పెట్టి ముల్లు తీసేదాకా ఆ పాట ఆగితే గదా!" అనేవాడు బావ.

నేను దాన్ని మామూలు గొప్పల కింద జమకట్టాను. మా ఇళ్ళలో గొప్పలు చెప్పుకోవడం భోజనానికి ముందు కాళ్ళు కడుక్కోవడం లాంటిది, ఎవరూ పట్టించుకోరు. మీరు మాత్రం ఆ మాటను కాస్త పట్టించుకోండి.

బావ మైక్ సెట్టు అమ్మేసి మగ్గాలు కొన్నప్పుడు ఆ రికార్డు సెట్టుతో పాటే వెళ్ళిపోయింది. కవరు ఇంట్లో ఉండిపోయింది. కళ్ళజోడు చంద్రుడి కడుపులో మా అక్క ఇప్పటికీ జాకెట్టు గుడ్డలు దాచుకుంటుంది.

ఇక నా సంగతి. తిరుపతిలో నాకు మోటారు సైకిళ్ళ విడిభాగాల అంగడి ఉంది. ఆ విడిభాగాల మధ్య నాకొక పిచ్చి ఉంది, రికార్డులు సేకరించడం. ఊళ్ళో రికార్డు సేకరించేవాళ్ళ సంఘం పెడితే అధ్యక్షుడు, కార్యదర్శి, సభ్యులు అందరూ నేనే. బావ ఆశ విన్న వెంటనే నేను ఛాతీ విరుచుకుని, అక్క జాకెట్టు గుడ్డలు బయటికి లాగి, కవరు మీది పేరు చదివి, ఫోన్లో ఆ పాట వెతికి పట్టేశాను.

బావ కుడిచెవికి ఫోను ఆనించాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది.

"ఆ... ఆ... ఇదేరా. కప్ప వచ్చింది సూడు."

కాసేపటికి నుదురు ముడిపడింది. కళ్ళు తెరిచాడు.

"ఇది గాదబ్బా."

"అదే బావా! పేరు అదే, కవరు మీద బొమ్మ అదే."

"మొదులు అదే. ఆనక యాడికో పోతా ఉండాది. మనది ఇట్ల పోదు."

నేను అక్కవైపు చూశాను. అక్క తన చెవిని తాకి తల అడ్డంగా ఊపింది. ఇద్దరం కలిసి నిట్టూర్చాం. నాకు మాత్రం అది చెవి తప్పు కాదని, ఫోను తప్పని గట్టి నమ్మకం. ఫోన్లో అడుగుగొంతు పలకదు, కప్ప దోమైపోతుంది. అసలైన రికార్డు మీద, అసలైన పెట్టెల్లోంచి వింటే బావ గుర్తుపట్టక చస్తాడా?

దేవుడున్నాడు. ఆ మరుసటి ఏడాదే ఆ పాటను మళ్ళీ రికార్డుగా అచ్చేశారు. సేకరించేవాళ్ళ కోసం కొద్ది కాపీలే వేశారు. నల్ల రికార్డు కాదు, నారింజరంగుది. వెలుతురుకు పట్టుకుంటే అవతల మనిషి కనపడతాడు. మే నెలలో బావ షష్టిపూర్తి. దానికి కానుకగా అది విదేశం నుంచి సముద్రాలు దాటి వచ్చి నా అంగట్లో, సైలెన్సర్ల పక్కన దిగింది. దాన్ని విప్పేటప్పుడు నేను తెల్లని చేతితొడుగులు వేసుకున్నాను.

"ఏందండీ, ఆపరేషనా?" అంది మా ఆవిడ సరళ.

"దగ్గరికి రాబాక. ఊపిరి తగుల్తాది."

ఆమె ఊపిరి బిగబట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ అవమానాన్ని ఆమె భద్రంగా దాచుకుందని నాకు అప్పుడు తెలియదు.

షష్టిపూర్తి మర్నాడనగా మధ్యాహ్నం మా పాత వ్యానులో బయలుదేరాం. వెనక సీట్లో పులిహోర గిన్నెలు, అరటిగెల, పట్టుచీరల సంచీ, నా రికార్డు ప్లేయరు. ఈ మూకలో నా నారింజపండును ఎక్కడ పెట్టను? గిన్నె మీద పడితే? గెల దొర్లితే? అందుకని దాన్ని ముందు అద్దం కింద, దేవుడి బొమ్మ పక్కన, రాజుగారిని సింహాసనం మీద కూర్చోబెట్టినట్టు పడుకోబెట్టాను.

"ఆడ ఎండ పడతాదండీ" అంది సరళ.

"ఎండకి కరిగేదానికి అదేమన్నా పుల్ల ఐసా? సముద్రాలు దాటి వచ్చింది."

"సముద్రాల మీద ఎండ ఉంటాదేమో గానీ రేణిగుంట ఎండ ఉండదు కదా."

ఈ లోకంలో నాకు మాత్రమే తెలిసిన విషయాలు చాలా ఉన్నాయని ఆ రోజు దాకా నాకొక అభిప్రాయం ఉండేది. ఆమె మాటను కిటికీలోంచి బయటికి వదిలేశాను.

రేణిగుంటలో నాకు తెలిసిన టీ అంగడి ఉంది. ఒక్క టీ అని ఆగాను. సరళ పక్కనే ఉన్న పూలంగట్లోకి మాలల కోసం వెళ్ళింది. అంగట్లో ఉన్నవాళ్ళు "ఎక్కడికి?" అన్నారు. నేను "నగరికి" అని ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. నేను రికార్డు గురించి మొదలుపెట్టాను. అది ఎంత అపురూపమో చెప్పాను. దాన్ని ఎలా పట్టుకోవాలో ఖాళీ టీ సాసరు మీద చూపించాను. వేలిముద్ర పడకూడదన్నాను, దుమ్ము పడకూడదన్నాను, "వేడి తగలకూడదు" అని కూడా నా నోటితోనే అన్నాను. అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. నేను ఉపన్యసిస్తున్నంతసేపూ నా వెనక, మూసిన వ్యానులో, అద్దం కింద, ఆ అపురూపం వేగుతూ ఉంది.

మాలలతో సరళ ముందుగా వ్యాను దగ్గరికి చేరింది. తలుపు తీసి లోపలికి చూసింది. కేక వెయ్యలేదు. చాలా మర్యాదగా నన్ను పిలిచింది.

"ఏమండీ, ఇట్ల వచ్చి సూడండి. మీ రికార్డు లేచి కూర్చోనుండాది."

నిజంగానే లేచి కూర్చుంది. కవరు ఉబ్బి ఉంది. బయటికి తీస్తే అంచులు పైకి లేచి, ఒక పక్క ముడుచుకుని, నూనెలోంచి అప్పుడే తీసిన అప్పడంలా ఉంది. చంద్రుడు కళ్ళజోడు పెట్టుకుని అంతా చూస్తున్నాడు.

"బాగుండాది. దీంట్లో బజ్జీలు పెట్టుకోవచ్చు" అంది సరళ. పుచ్చుకున్న అవమానాన్ని ఆమె తిరిగిచ్చేసింది.

మళ్ళీ తెప్పించుకునే వ్యవధి లేదు, తెల్లవారితే షష్టిపూర్తి. బజ్జీల పళ్ళెం కాదు నాకు కనపడింది. ఫోను చెవికి ఆనించుకున్న బావ ముఖం కనపడింది, వెలిగి ఆరిపోయిన ముఖం. ఆ చెవి నాకోసం వచ్చే ఏడాది దాకా ఆగుతుందా? వ్యాను నడుపుతున్నాను. ఎదురుగా రోడ్డు పక్కన బోర్డు వచ్చింది. పుత్తూరు.

నన్ను చూసి నవ్వే ముందు ఒక్క నిమిషం ఆలోచించండి. మా వైపు పుట్టినవాడికి పుత్తూరు అంటే ఏమిటి? మా నాయన మోచెయ్యి అక్కడ సరి అయింది. నా మడమ అక్కడ సరి అయింది. మా ఆవు గట్టు మీంచి జారితే దాని కాలికి కూడా అక్కడి పసరే. ఆకుపసరు రాసి, కోడిగుడ్డు సొన పూసి, వెదురుబద్దలు పెట్టి గుడ్డతో కట్టేస్తారు. వంకర పోయిన వస్తువు పుత్తూరులో తిన్నగా అవుతుందని మాకు ఉగ్గుపాలతోనే పోస్తారు. వేరే జిల్లావాడు అయితే ఆ రికార్డును రెండు లావు పుస్తకాల మధ్య పెట్టి ఉండేవాడు. నేను ఎడమచేతికి తిప్పేశాను.

"యాడికి?" అంది సరళ.

"కట్టు కట్టిస్తా."

ఆమె నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఎండ నాక్కూడా తగిలిందేమోనని.

కట్టు కట్టే పెద్దాయన ఇంటిముందు రేకుల పందిరి. దాని కింద బెంచీల నిండా విరిగినవాళ్ళు, బెణికినవాళ్ళు. కొందరు తెలుగులో మూలుగుతున్నారు, కొందరు అరవంలో మూలుగుతున్నారు. మూలుగు మాత్రం ఒకటే భాష. నేను సిగ్గుపడి రికార్డును తువ్వాలులో చుట్టి, రెండు చేతుల మీద పట్టుకుని కూర్చున్నాను. పక్కన మణికట్టు వాచిన అవ్వ ఒకామె జరిగి చోటిచ్చింది.

"బిడ్డకా నాయనా? సెయ్యా, కాలా?"

"అంతా అవ్వా."

"అయ్యో, అంతానా! యాడ్నుంచి పడింది?"

"పడలేదు. ఎండ తగిలింది."

"ఎండ తగిల్తే ఈడికెందుకు తెచ్చినావప్పా? డాక్టరు కాడికి ఎత్తకపో. ఏడుపు కూడా లేదే పాపం..." అంటూ బాగున్న చేత్తో తువ్వాలు తొలగించింది. లోపల గుండ్రంగా, నారింజరంగులో, మెరుస్తూ ఉంది. అవ్వ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఓయమ్మో! మొకమే లేదే!"

పందిరంతా లేచింది. లేవలేనివాళ్ళు మెడలు చాచారు. సంగతి తెలిశాక ఒకటే నవ్వు. "నవ్వియ్యొద్దప్పా, నాది పక్కటెముక!" అని ఒకాయన బెంచీ పట్టుకుని ఏడ్చాడు. ఆ గోలకు పెద్దాయన బయటికి వచ్చాడు.

"ఏందప్పా ఇది?"

"రికార్డు. పాటల రికార్డు. వంకర పొయ్యింది."

"నొప్పి ఎవురికి?"

"నాకే."

"దీనికి ఎముక యాడుండాది?"

"మీ సెయ్యి పడితే ఎముక లేనిదానికి కూడా వస్తాది పెద్దాయనా" అని కాళ్ళ మీద పడ్డంత పని చేశాను. బావ చెవి సంగతి చెప్పాను, షష్టిపూర్తి చెప్పాను, మైక్ సెట్టు చెప్పాను. కొంచెం ఎక్కువే చెప్పాను. నా కథలో బావకు చెవితో పాటు ఇంకా కొన్ని అవయవాలు కూడా పాడయ్యాయి. పెద్దాయన ఓపిగ్గా విన్నాడు.

"సెవికి నేనేం చెయ్యలేను. దీనికంటావా, అడిగినావు గాబట్టి కడతా. బాగయితే నీ అదృష్టం. కాకుంటే నా పేరు యాడా సెప్పబాక."

అందుకే ఆయన పేరు నేను మీకు చెప్పడం లేదు.

ఆయన రికార్డును ఒడిలో పెట్టుకుని, బొటనవేళ్ళతో అంచు చుట్టూ నొక్కుతూ వచ్చాడు. వంకర ఉన్నచోట వేళ్ళు ఆగాయి. చేతికున్న అలవాటు కొద్దీ, "ఈడ నొస్తా ఉండాదా?" అన్నాడు.

"లేదు" అన్నాను రికార్డు తరఫున.

పసరు వచ్చింది. గుడ్డుసొన వచ్చింది. పెద్దాయన రెండువైపులా ధారాళంగా పట్టించాడు. సరళ నా చెవిలో, "గీతల్లో పాట ఉంటాది గదండీ, పసరు దాంట్లోకి పోదా?" అంది. ఆ ప్రశ్నకు నేనిచ్చిన జవాబును మా ఇంట్లో ఇప్పటికీ ప్రతి పండక్కీ ఒకసారి తలుచుకుంటారు. "వైద్యంలో ఏలు పెట్టొద్దు" అన్నాను.

వెదురుబద్దలు పేర్చి, తెల్లగుడ్డతో బిగించి కట్టి, పెద్దాయన నా చేతిలో పెట్టాడు. "రేప్పొద్దున దాకా ఇప్పొద్దు. వంకాయ పెట్టొద్దు, గోంగూర పెట్టొద్దు."

"దీనికా?"

"నీకప్పా. ఎవురో ఒకరు పథ్యం ఉండాల గదా."

సాయంత్రానికి నగరి చేరాం. వాకిట్లో షామియానా వేస్తున్నారు. నేను కట్టుతో సహా దిగేసరికి అక్క చేతిలో ఉన్న చాట కింద పడేసి పరిగెత్తుకొచ్చింది.

"ఎవురికేమైంది గిరీ? ఎవురిది ఆ కట్టు?"

"ఎవరికీ ఏం కాలేదక్కా. బావకు కానుక. ఇది ఫారిన్ ప్యాకింగు."

సరళ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది. బావ వచ్చి కట్టు మీద చెయ్యి వేసి నిమిరాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చెవులు మొరాయించినా ఆయన ముక్కు దివ్యంగా పనిచేస్తుంది.

"ఫారిన్లో కూడా పుత్తూరు ఉండాదా అబ్బా?"

ఆ రాత్రి భోజనంలో గుత్తివంకాయ వడ్డించారు. నేను వద్దన్నాను. నా జీవితంలో గుత్తివంకాయను వద్దనడం అదే మొదలు. అక్కకు అప్పుడే అనుమానం వచ్చిందట.

తెల్లవారింది. ఆ ఒక్కరోజుకి మగ్గాలన్నీ ఆపేశారు. ఆ వీధిలో కాకి అరిస్తే వినపడడం అదే మొదటిసారి. పూజ అయింది. అక్క మెడలో బావ మళ్ళీ తాళి కట్టాడు. చుట్టాలు అక్షింతలు వేశారు. ఇక కానుక. అద్దె మైక్ సెట్టు పెద్ద పెట్టెలకు నా ప్లేయరు తగిలించాం. బావ కొత్తపంచె సర్దుకుని, కుర్చీని పెట్టె పక్కకు లాక్కుని, కుడిచెవి అటు తిప్పి కూర్చున్నాడు.

"నా సెవి ఈ పొద్దు బాగుండాదబ్బా. తొందరగా ఎయ్యి" అన్నాడు.

నేను అందరి ముందూ కట్టు విప్పాను. గుడ్డ విప్పాను. బద్దలు తీశాను. చూస్తే, మీరు నమ్మరు, తిన్నగా ఉంది! పెనం మీద పోసిన దోసెలా సమంగా ఉంది. ఒక్కచోట మాత్రం చిన్న బొడిపె మిగిలింది. నేను రెండు చేతులూ పైకెత్తి, "పుత్తూరంటే ఏమనుకున్నారు!" అని గర్జించాను.

"సమంగానే ఉండాది. పచ్చగా కూడా ఉండాది" అంది సరళ.

గీతలన్నిటి నిండా పసరు. దాని మీద గుడ్డుసొన ఎండి గచ్చులాగా పట్టేసింది. వాసనకు ముందువరుస చుట్టాలు వెనకవరుసకు వెళ్ళారు. నేను తెల్ల తొడుగుల కోసం సంచీలో వెతుకుతూ ఉండగానే అక్క దాన్ని నా చేతిలోంచి లాక్కుని, చీర దోపుకుని, కొళాయి దగ్గర కూర్చుంది. షష్టిపూర్తి తలంట్లకు కొట్టిన కుంకుడుకాయ రసం గిన్నెలో మిగిలి ఉంది. నెత్తికి పట్టించినట్టు పట్టించింది.

"అక్కా! అది అపురూపమైన రికార్డక్కా! వేలిముద్ర పడకూడదు!"

"నోరు ముయ్యి. గుడ్డు తిన్న పళ్ళెం మాదిరి కంపు కొడతా ఉండాది."

రుద్దింది, తోమింది, నీళ్ళు కుమ్మరించింది, తన కొత్త పట్టుచీర కొంగుతోనే తుడిచింది. సేకరించేవాళ్ళ సంఘం అధ్యక్షుడు, కార్యదర్శి, సభ్యులు అందరూ ఆ కొళాయి పక్కనే కన్నుమూశారు.

తడి ఆరాక ప్లేయరు మీద పెట్టాను. ముల్లు దించాను. ముందు ఆవాలు చిటపటలాడిన చప్పుడు. తర్వాత ఇంకా చిటపట. ఆ పోపులోంచి మెల్లగా యంత్రం చప్పట్లు కొట్టింది. బాకా పిలిచింది. పెట్టెలు అదిరేటట్టు కప్ప అందుకుంది. "బెక్... బెబ్బెక్... బెక్."

బావ కళ్ళు మూసుకున్నాడు.

"బెక్... బెబ్బెక్... టక్."

టక్‌మన్నది బొడిపె. ముల్లు దాని మీద ఎక్కి వెనక్కి దూకింది. మళ్ళీ "బెక్... బెబ్బెక్... టక్". మళ్ళీ వెనక్కి. మళ్ళీ అదే. పాట అక్కడే ఇరుక్కుని గిరగిర తిరుగుతోంది. చుట్టాలందరూ చూస్తున్నారు. ఆయన అడిగిన ఒకే ఒక్క ఆశ, పసరూ కుంకుడుకాయా కలిపి నేను దానికి చేసిన మర్యాద ఇదీ. ముల్లు తీయడానికి వంగాను.

బావ నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు.

"తియ్యబాక!"

"ఇరుక్కుంది బావా."

"ఇరుక్కునేదేందిరా! పాటే ఇది!"

కళ్ళు తెరిచాడు. నిండా నీళ్ళు.

"ఇదేరా మన కప్ప పాట. నీ ఫోన్లోది యాడికో పోతా ఉన్నింది గదా, ఇది సూడు, యాడికీ పోదు. ఈడనే తిరుగుతా ఉంటాది. అసలుది తెచ్చినావురా బామ్మర్దీ!"

నాకు అప్పటికి బల్బు వెలిగింది. మద్రాసులో కొన్న ఆ పాత రికార్డు మీద ఏదో గీత పడి ఉంటుంది. జీవితమంతా బావ విన్నది ఆ గీత దాకానే. అందుకే ఆయన చెయ్యి పెట్టేదాకా పాట ఆగేది కాదు! అది గొప్ప కాదు, నిఖార్సయిన నిజం.

"బావా, మరి నీకెప్పుడూ అనుమానం రాలేదా?"

"ఏం అనుమానం? డాన్సు పాట గదా, ఆడేవాళ్ళకు ఇష్టమైనంతసేపు పోతా ఉండేట్టు చేసినారనుకున్నా. వాయించేది యంత్రాలు. వాటికి అలుపేముండాది?"

నేను ముల్లు జోలికి పోవడం మానేసి వెనక్కి జరిగాను.

అక్క తడి కొంగు పిండుకుంటూ వచ్చి నిలబడింది. "పూతలపట్టులో మా చిన్నాయన కూతురి పెండ్లిలో ఇదే పాట" అంది చుట్టాలతో. "ఈయప్ప నన్ను సూస్తా ముల్లు తీసేది మర్సిపోయినాడు. పెండ్లికూతురి నాయన వచ్చి వైరు పెరికేదాకా కప్ప అరస్తానే ఉన్నింది. ఆ పొద్దు పెండ్లికొచ్చినోళ్ళందరికీ తలనొప్పి."

"నీకు రాలేదా?" అన్నాడు బావ.

"వచ్చింది. ఇంకా పోలేదు."

చుట్టాలు గొల్లుమన్నారు. ఎవరో లేచి ఎగరడం మొదలుపెట్టారు. డాన్సు పాట గొప్పతనం ఏమిటంటే ఒకచోటే తిరుగుతోందని ఆడేవాళ్ళకు తెలియదు. పురోహితుడు తొడ మీద తాళం వెయ్యడం నేను నా కళ్ళతో చూశాను. వంటవాళ్ళు గరిటెలతో సహా బయటికి వచ్చారు. బావ ఒక చెయ్యి పెట్టె మీద ఆనించి, రెండో చేత్తో అక్క కొంగు పట్టుకుని, అలాగే కూర్చున్నాడు. పాట చాలాసేపు యాడికీ పోలేదు. చివరికి ఆయనే లేచి, పాత అలవాటు చేతికి గుర్తొచ్చినట్టు, రెండు వేళ్ళతో ముల్లు తీశాడు.

రికార్డు వంకర పోయి ఇరుక్కుందని ఆయనకు చెప్పాలని నాకు అనిపించలేదు. సరళ కూడా చెప్పలేదు. అందుకు ఆమెకు నేను చెల్లించుకున్న మూల్యం వేరే కథ.

ఇప్పుడు బావ కుడిచెవి కూడా దాదాపు మూతపడింది. వారానికొకసారి మగ్గాలు ఆపించి, పెట్టె మీద అరచెయ్యి ఆనించి కప్ప పాట వింటాడు. బొడిపె దగ్గర వచ్చే "టక్" అరచేతికి బాగా తెలుస్తుందట.

నా సేకరణ బుద్ధి ఊరుకోదు కదా. ఆ తర్వాత చలికాలంలో ఇంకో కాపీ ఎక్కడో దొరికితే తెప్పించాను. దాన్ని థర్మాకోల్ పెట్టెలో పెట్టి, గుండెకు హత్తుకుని నగరి తీసుకెళ్ళాను. మచ్చ లేదు, బొడిపె లేదు, పసరు లేదు. మొదటి నుంచి చివరి దాకా పాట అద్దంలా సాగింది. బావ అరచెయ్యి ఆనించి కాసేపు చూశాడు. చెయ్యి తీసేశాడు.

"దొంగసరుకు గిరీ. నిన్ను మోసం చేసినారు. పోతా ఉండాది సూడు" అన్నాడు. నా ముఖం చూసి జాలిపడి, "ఏం కాదులే. దీన్ని కూడా పుత్తూరు ఎత్తకపో. బాగుచేస్తారు" అన్నాడు.

కాబట్టి చదువరులారా, ఏడుకొండల వైపు తిరిగి, చేతిలో కుంకుడుకాయ పట్టుకుని, గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఎముక లేని ఏ వస్తువునూ ఇకమీదట నేను పుత్తూరు గడప ఎక్కించను. రికార్డును వ్యాను అద్దం కింద పెట్టి టీ తాగను. వైద్యంలో వేలు పెట్టొద్దని నా భార్యతో అనను. ఈ ప్రమాణం వచ్చే మే నెల దాకా చెక్కుచెదరకుండా నిలబడుతుంది. ఆ నెలలో ఆ రెండో కాపీని కూడా, మొదటిదాన్ని తెచ్చినట్టే రేణిగుంట, పుత్తూరు మీదుగా తీసుకురమ్మని బావ కబురు పెట్టాడు.